మీ సర్వర్‌ని ఎవరూ ఎత్తుకుపోరు

"డిపార్ట్‌మెంట్ సర్వర్లను సెంట్రల్ డేటా సెంటర్‌కి అప్పగించకండి! ఒకసారి వెళ్తే తిరిగి రావు!!" అంటూ ఒక మెసేజ్ మన యూనివర్సిటీ గ్రూపులన్నిటిలో తిరుగుతోంది. ఫిజిక్స్ వాళ్ళు పంపారు, బయోటెక్ వాళ్ళు పంపారు, చివరికి సర్వరే లేని శాఖవాళ్ళు కూడా పంపి "నిజమేనా సార్?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది. అందరికీ ఇక్కడే చెప్తున్నా. శాఖల గదుల్లో ఉన్న సర్వర్లను కంప్యూటర్ సెంటర్ వాళ్ళకిచ్చి సెంట్రల్ డేటా సెంటర్‌లో ఒకేచోట పెట్టాలన్న మన సర్క్యులర్ మీద లేచిన గోల ఇది. మెసేజ్‌లోని పాయింట్లు ఒక్కొక్కటే చూద్దాం.

మెషీన్ మీద మన యాజమాన్య హక్కు పోతుందట. పోదు. ప్రాజెక్టు డబ్బుతో కొన్న మెషీన్ మీ స్టాక్ రిజిస్టర్‌లోనే ఉంటుంది. ఆడిట్ వాళ్ళొస్తే డేటా సెంటర్‌కి తీసుకెళ్ళి, పక్కన పెయింటుతో రాసిన నంబరు చూపిస్తారు. లాకర్‌లో పెట్టిన గొలుసు బ్యాంకుదైపోతుందా?

రూట్ పాస్‌వర్డ్, అంటే సర్వర్ మీద పూర్తి అధికారమిచ్చే పాస్‌వర్డ్, లాక్కుంటారట. వాళ్ళకెందుకు? వాళ్ళిచ్చేది ర్యాక్‌లో (సర్వర్లు పేర్చే బీరువా లాంటిది) చోటు, కరెంటు, చల్లగాలి, నెట్‌వర్క్ కేబుల్. లోపల ఏ లైనక్స్ వేసుకుంటారో మీ ఇష్టం. మెషీన్ హ్యాంగయితే వీపీఎన్ మీద ఐడ్రాక్‌లోకో ఐఎల్‌ఓలోకో (సర్వర్‌ని దూరం నుంచే ఆన్, ఆఫ్ చేసే డెల్, హెచ్‌పీ ఏర్పాట్లు) వెళ్ళి ఇంట్లోంచే రీబూట్ చేసుకోవచ్చు.

లోపలికి వెళ్ళాలంటే రిజిస్టర్‌లో సంతకం పెట్టాలట. పెట్టండి.

పెద్ద యూనివర్సిటీలేవీ ఇలా చేయవట. హార్వర్డ్, ఎంఐటీ, బోస్టన్, నార్త్‌ఈస్టర్న్, మసాచుసెట్స్ యూనివర్సిటీలు కలిసి అమెరికాలో హోల్యోక్ అనే ఊళ్ళో ఒక డేటా సెంటర్ కట్టుకుని 2012 నుంచి వాడుకుంటున్నాయి. బోస్టన్ నుంచి అక్కడికి గంటకు పైగా ప్రయాణం. మనం పక్క బిల్డింగుకి పంపడానికి ఏడుస్తున్నాం.

ఇక నాకు ఒళ్ళు మండించిన వాక్యం: "మన ల్యాబ్‌లో ఒకటిన్నర టన్నుల ఏసీ ఉంది, చాలు."

టన్ను ఏసీ అంటే సుమారు 3.5 కిలోవాట్ల వేడిని బయటికి తోస్తుంది. ఒకటిన్నర టన్నులైతే సుమారు 5.3. ఏఐ పనులకు వాడే ఎన్‌విడియా డీజీఎక్స్ ఏ100 సర్వర్ ఒక్కటే పూర్తి లోడు మీద 6.5 కిలోవాట్ల దాకా కరెంటు లాగుతుంది, దాని తర్వాతి మోడల్ డీజీఎక్స్ హెచ్100 అయితే 10.2. లాగిన కరెంటంతా గదిలోకి వేడిగా వస్తుంది. తీసివేత మీరే చేసుకోండి, ప్రొఫెసర్లు కదా. పైగా మే నెల ఎండలో ఆ ఏసీ కాగితం మీద రాసినంత వేడిని కూడా తోయలేదు.

సరే, మీవి మామూలు సర్వర్లు, రెండో మూడో అనుకుందాం. శనివారం మధ్యాహ్నం కరెంటు పోతుంది. సర్వర్లు యూపీఎస్ మీద నడుస్తూనే ఉంటాయి. ఏసీకి యూపీఎస్ లేదు. జనరేటర్ ఆన్ చేసినా చాలా బిల్డింగుల్లో ఏసీ లైను దానికి కలిపి ఉండదు. తలుపు వేసిన గదిలో ఫ్యాన్లు గోలపెడతాయి, వినేవాళ్ళుండరు. కాసేపటికి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. సోమవారం రీసెర్చ్ స్కాలర్ వచ్చేసరికి వారం రోజుల సిమ్యులేషన్ గోవిందా. కరెంటు తిరిగి వచ్చినా పాత ఏసీలు కొన్ని వాటంతటవి ఆన్ కావు, రిమోట్ నొక్కాలి. ఆ రిమోట్ హెచ్‌ఓడీ గారి డ్రాయర్‌లో ఉంటుంది. డ్రాయర్‌కి తాళం ఉంటుంది.

సర్వర్‌లోకి వెళ్ళే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని ఆష్రే (ఏసీ ఇంజనీర్ల అమెరికా సంఘం) సిఫారసు. మీ గదిలో థర్మామీటర్ ఉందో లేదో కానీ, కారే ఏసీ కింద బకెట్ మాత్రం ఉంది. దానికి జానెడు దూరంలో ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంది.

"మన గదిలో కరెంటు ఫ్రీ." ఎవరికి ఫ్రీ? 5 కిలోవాట్ల లోడు ఏడాది పొడుగునా నడిస్తే 43,800 యూనిట్లు. యూనిట్ ₹8 అనుకున్నా మూడున్నర లక్షలు. ఏసీ ఖర్చు దీనికి అదనం. బిల్లు రిజిస్ట్రార్ ఆఫీసుకి పోతుంది కాబట్టి మీ కంట పడదు, అంతే.

చివరి పాయింటు: "అన్నీ ఒకేచోట పెడితే, కాలితే అన్నీ కాలతాయి." ఇది నిజం. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి కాలిపోయింది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజియోన్ ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీల దగ్గర మంట లేచి, ఉద్యోగుల ఫైళ్ళుండే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు పోయాయి. బయట కాపీ లేదు. క్యోటో యూనివర్సిటీలో 2021 డిసెంబరులో మంట కూడా అక్కర్లేకపోయింది, బ్యాకప్ స్క్రిప్టులో తప్పు వల్ల 77 టెరాబైట్లు చెరిగిపోయాయి.

కాబట్టి ఇక్కడ నేను మెసేజ్ రాసినవారి పక్షమే. కాకపోతే పాస్‌వర్డ్ గురించి, సంతకం గురించి గోల చేసి, అడగాల్సింది అడగలేదు. బ్యాకప్ ఎవరి బాధ్యత? డిస్కు పోతే మార్చేదెవరు? అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? మెషీన్ వెనక్కి అడిగితే ఎన్నాళ్ళలో ఇస్తారు? మన సర్క్యులర్‌లో వీటిలో ఒక్కటీ లేదు. ఇవన్నీ రాసి, సంతకాలయ్యేదాకా కంప్యూటర్ సెంటర్ వాళ్ళు ట్రాలీ తెచ్చినా సర్వర్ ఇవ్వకండి.