రెండో తలుపు లేని ఇల్లు

2022 జులై 8, శుక్రవారం. కెనడా నిద్ర లేచేసరికి కోటీ ఇరవై లక్షల మందికి పైగా జనానికి ఫోన్ పని చేయలేదు, ఇంట్లో ఇంటర్నెట్ రాలేదు. రోజర్స్ కంపెనీ నెట్‌వర్క్ దేశమంతటా ఒక్కసారిగా కుప్పకూలింది. దాన్ని నమ్ముకున్న ఇంటరాక్ చెల్లింపుల వ్యవస్థ కూడా ఆగిపోవడంతో డెబిట్ కార్డులు అక్కరకు రాకుండా పోయాయి. దుకాణాల తలుపుల మీద ‘నగదు మాత్రమే’ అని చేత్తో రాసిన కాగితాలు వెలిశాయి. జేబులో నోట్లు పెట్టుకు తిరిగే అలవాటు ఎప్పుడో తప్పిపోయిన దేశం అది. పాస్‌పోర్టు కౌంటర్లలో పనులు నిలిచాయి. గ్రంథాలయాల ముందు, కాఫీ షాపుల ముందు వైఫై కోసం జనం గుమిగూడారు. ఒక పగలూ ఒక రాత్రీ ఇదే పరిస్థితి.

సరుకులు రేపు కొనుక్కోవచ్చు. పాస్‌పోర్టు వారం ఆగి తెచ్చుకోవచ్చు. అత్యవసర నంబరు 911 అలా ఆగేది కాదు. కాల్స్ కలవడం కష్టంగా ఉందని టొరంటో, ఒట్టావా పోలీసులు ఆ పొద్దున్నే ప్రజలను హెచ్చరించాల్సి వచ్చింది. మామూలుగా మన కంపెనీ సిగ్నల్ అందని చోట ఫోన్ పక్క కంపెనీ టవరును పట్టుకుని అత్యవసర కాల్ కలుపుతుంది. ఆ రోజు అదీ జరగలేదు. ఎందుకంటే రోజర్స్ టవర్లు పని చేస్తూనే ఉన్నాయి. ఆగింది వాటి వెనకున్న గుండెకాయ. ఫోన్ తెర మీద సిగ్నల్ గీతలు కనిపిస్తున్నాయి కాబట్టి అది పక్క కంపెనీ వైపు చూడదు. సొంత దారిలో పోదామంటే దారి మూసుకుపోయింది. ఛాతీ పట్టుకుని కూలబడిన తండ్రి పక్కన కూర్చుని, గీతలు నిండుగా ఉన్న ఫోన్ మీద 911 మళ్లీ మళ్లీ నొక్కే కొడుకు చేతులు ఎలా వణుకుతాయో ఊహించండి. కనీసం ఆ టవర్లను ఆపేస్తే ఫోన్లు పక్క నెట్‌వర్క్‌కు మళ్లేవి. ఆ పని కూడా కంపెనీ ఇంజనీర్ల చేతుల్లో లేకుండా పోయింది.

కారణం వింటే ఆశ్చర్యం, ఆ వెంటనే కోపం వస్తాయి. ఏడు దశల నవీకరణలో ఆరో దశ నడుస్తోంది. ఒక రూటరులో సమాచార ప్రవాహాన్ని అదుపు చేసే వడపోత తీసేశారు. గేట్లు ఎత్తేసిన ఆనకట్టలా సమాచారం వచ్చి ప్రధాన రూటర్ల మీద పడింది. అవి తట్టుకోలేక ఆగిపోయాయి. మొబైల్‌కూ, ఇంటి ఇంటర్నెట్‌కూ ఆధారం ఆ ఒక్క కేంద్రమే. అందుకే రెండూ ఒకే క్షణంలో పోయాయి. ముందు దశలు సాఫీగా సాగాయి కదా అని ఈ పనికి ప్రమాద స్థాయిని తగ్గించి చూశారని, టెలికాం నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ వేయించిన విచారణ తేల్చింది. మరమ్మతు చేయాల్సిన సిబ్బంది లోపలికి వెళ్లే దారి కూడా అదే నెట్‌వర్క్ మీదుగా ఉంది. వాళ్ల చేతుల్లోని ఫోన్లూ ఆ కంపెనీవే. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టయింది. సహోద్యోగితో మాట్లాడటానికి ప్రత్యర్థి కంపెనీ సిమ్ కార్డులు వెతుక్కోవాల్సి వచ్చింది.

క్షమాపణ చెప్పారు. ఐదు రోజుల ఛార్జీలు బిల్లులో తగ్గించారు. కంపెనీ అధిపతి టోనీ స్టాఫియెరీ ఆ నెలలోనే పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని జవాబులు చెప్పారు. రెండు నెలల్లో పెద్ద కంపెనీలన్నీ ఆపదలో ఒకరినొకరు ఆదుకునే ఒప్పందం చేసుకున్నాయి. ఇవన్నీ మంచివే. అయితే ఆ రోజు జరిగినదాన్ని ఒక ఇంజనీరు పొరపాటు కింద కొట్టిపారేస్తే మేము ఒప్పుకోం. ఒక్క రూటరులో చేసిన మార్పు వికటిస్తే దేశంలో సుమారు మూడో వంతు జనం మూగబోయేంతగా ఒకే కంపెనీ పెరగడం యంత్రం చేసిన పని కాదు. అది రాజధాని ఒట్టావాలో ప్రభుత్వాలు ఏళ్ల తరబడి సంతకాలు పెట్టి కట్టిన ఇల్లు. కట్టేటప్పుడు రెండో తలుపు పెట్టలేదు. పెట్టినవాటిని ఒక్కొక్కటిగా మూసేశారు.

కెనడా మొబైల్ మార్కెట్లో పెద్ద కంపెనీలు మూడు: రోజర్స్, బెల్, టెలస్. ఆ మూసివేతల చరిత్ర చూడండి. 2000లో క్లియర్‌నెట్ అనే మొబైల్ కంపెనీని టెలస్ కొనుక్కుంది. 2004లో ఫీడో బ్రాండు నడిపే మైక్రోసెల్‌ను రోజర్స్ కొనుక్కుంది. కొత్త కంపెనీలు రావాలని 2008లో ప్రభుత్వం స్పెక్ట్రంలో కొంత వాటి కోసం పక్కన పెట్టింది. విండ్, మొబిలిసిటీ, పబ్లిక్ మొబైల్ పుట్టాయి. విండ్ వెనక ఈజిప్టు పెట్టుబడి ఉందని సీఆర్‌టీసీ అడ్డు చెబితే మంత్రివర్గం కలగజేసుకుని 2009 డిసెంబరులో దారి ఇచ్చింది. ఆ ఉత్సాహం ఎన్నాళ్లుంది? 2013లో పబ్లిక్ మొబైల్ టెలస్ చేతికి, 2015లో మొబిలిసిటీ రోజర్స్ చేతికి పోయాయి. విండ్‌ను 2016లో షా అనే కేబుల్ టీవీ, ఇంటర్నెట్ కంపెనీ కొని ఫ్రీడమ్ అని పేరు మార్చింది. 2017లో మానిటోబా ప్రజల సొంత కంపెనీలా ఉండే ఎంటీఎస్‌ను బెల్ మింగింది. మొక్క నాటడం, చిగురు వేయగానే మేకకు అప్పగించడం. పార్టీలు మారాయి, ఈ పద్ధతి మారలేదు.

చివరికి షా వంతు వచ్చింది. అప్పులతో కలిపి 2,600 కోట్ల డాలర్లకు దాన్ని కొంటామని రోజర్స్ 2021 మార్చిలో ప్రకటించింది. పోటీ పరిరక్షణ సంస్థ కాంపిటిషన్ బ్యూరో గట్టిగా ఎదిరించింది. 2022 డిసెంబరులో ట్రైబ్యునల్‌లో ఓడింది. 2023 జనవరిలో అప్పీలులోనూ ఓడింది. పైగా ఎదుటి పక్షం ఖర్చుల కింద దాదాపు 1.3 కోట్ల డాలర్లు కట్టమన్నారు. ప్రజల తరఫున కొట్లాడిన ప్రభుత్వ సంస్థ ప్రజల సొమ్ముతోనే కంపెనీల లాయర్ల బిల్లులు తీర్చాల్సిన చట్టం అప్పటిది. 2023 మార్చి 31న అప్పటి పరిశ్రమల మంత్రి ఫ్రాన్స్వా ఫిలిప్ షాంపేన్ ఆమోదం తెలిపారు. దేశం మూగబోయిన ఆ శుక్రవారానికి తొమ్మిది నెలలైనా నిండలేదు. పోటీ తగ్గినా సరే, కంపెనీకి ఖర్చు కలిసొస్తే విలీనాన్ని సమర్థించుకోవచ్చనే నిబంధన ఒకటి కెనడా చట్టంలో ఉండేది. దాన్ని ఆ ఏడాది డిసెంబరులో తొలగించారు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే అయినా, పట్టుకున్నందుకు సంతోషిస్తున్నాం.

ఈ కంపెనీలను కాపాడటానికి ఎప్పుడూ ముందుకు తెచ్చే మాట ‘మనవి’ అని. 2013లో అమెరికా సంస్థ వెరైజన్ వస్తుందన్న వార్తకే మూడు కంపెనీలూ కలిసి దేశభక్తి ప్రచారం నడిపాయి. వెరైజన్ ఆ సెప్టెంబరులో రానని తేల్చేసింది. దేశీయత మీద మాకు గౌరవం ఉంది. పొరుగున అంత పెద్ద దేశం ఉన్నప్పుడు ఆ జాగ్రత్త అవసరం కూడా. కానీ ఆ జాగ్రత్త అన్ని వేళలా కనిపించదు. పెద్ద డిజిటల్ కంపెనీలు కెనడా వినియోగదారుల మీద సంపాదించే ఆదాయంపై 3 శాతం పన్ను వేస్తూ పార్లమెంటు 2024లో చట్టం చేసింది. తొలి చెల్లింపు 2025 జూన్ 30న రావాలి. ట్రంప్ వాణిజ్య చర్చలు ఆపేస్తానన్న రెండు రోజులకే, గడువుకు సరిగ్గా ముందు రాత్రి, ప్రధాని కార్నీ ప్రభుత్వం ఆ పన్నును వదిలేసింది. చర్చలు నిలబెట్టుకోవాలన్న ఇబ్బంది మాకు అర్థమవుతుంది. అర్థం కానిది ఒక్కటే: వాషింగ్టన్ ఒత్తిడికి కరిగిపోయే దేశీయత, సొంత పౌరుడు బిల్లు పట్టుకుని మొత్తుకుంటే మాత్రం ఎందుకంత బండబారుతుంది?

దేశం పెద్దది, జనం పలుచన, చలి ఎక్కువ, అందుకే ఖర్చు ఎక్కువ అన్నది కంపెనీల ఇంకో వాదన. దీనికి జవాబు కెనడా లోపలే ఉంది. సస్కాచెవాన్ రాష్ట్రం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రెండింతల కంటే పెద్దది. జనం పన్నెండు లక్షలే. మైళ్ల కొద్దీ గోధుమ చేలు, గడ్డకట్టే శీతాకాలం. కంపెనీల లెక్క ప్రకారం అక్కడ ఫోన్ బిల్లు ఆకాశంలో ఉండాలి. కానీ ఎన్నో ఏళ్లపాటు టొరంటో వాసి కట్టిన దానికంటే అక్కడి రైతు తక్కువే కట్టాడు. ఎందుకంటే అక్కడ సాస్క్‌టెల్ ఉంది. 1908 నుంచి ప్రజల సొత్తుగా నడుస్తున్న సంస్థ. మూడు పెద్ద కంపెనీలూ ఆ ఊళ్లో దాని ముందు తలొంచి ధర పెట్టాల్సిందే. గట్టి పోటీదారు ఉన్న ప్రాంతాల్లో ఆ మూడింటి ధరలు 35 నుంచి 40 శాతం తక్కువని కాంపిటిషన్ బ్యూరో 2019లోనే సీఆర్‌టీసీకి చెప్పింది. అదే కంపెనీ, అదే టవరు, అదే చలి. పక్కన ఇంకో కొట్టు ఉందా లేదా అన్నదే తేడా.

ఇటీవలి సంవత్సరాల్లో కెనడాలో మొబైల్ ధరలు తగ్గాయి. ఆ మాట దాచం, అది మా వాదనకే బలం. షా విలీనం సమయంలో ఫ్రీడమ్‌ను క్యూబెక్‌కు చెందిన వీడియోట్రాన్ 285 కోట్ల డాలర్లకు కొంది. పెద్ద కంపెనీల కంటే 20 శాతం చౌకగా అమ్మాలని మంత్రి షరతు పెట్టారు. తప్పితే 20 కోట్ల డాలర్ల దాకా జరిమానా. ఒక్క పోటీదారు కాస్త తలెత్తి నిలబడితేనే ఈ మార్పు.

ఇంత దూరంలో కూర్చుని ఇదంతా ఎందుకు రాస్తున్నాం అంటే, ఆ బిల్లులు కడుతున్నవాళ్లలో మన ఇళ్ల పిల్లలున్నారు. బ్రాంప్టన్‌లో, సర్రేలో బేస్‌మెంట్ గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉండి చదువుకునే పిల్లలు. విమానం దిగిన రోజే స్థానిక నంబరు కావాలి. బ్యాంకు ఖాతాకు అదే అడుగుతారు, అద్దె ఇంటికి అదే, పార్ట్‌టైం పనికి అదే. మాల్‌లో చిన్న స్టాలు దగ్గర నిలబడిన కుర్రాడు ఫోన్ ‘ఉచితం’ అంటాడు. రెండేళ్ల కాగితం మీద సంతకం పెట్టించుకుంటాడు. మొదటి బిల్లులో కనెక్షన్ ఛార్జీ అని కొత్త గీత కనిపిస్తుంది. కాల్ సెంటరుకు ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించి, ఆ తర్వాత వేరే విభాగమంటారు. అప్పటికి పని వేళ అవుతుంది. పిల్ల ఫోన్ పెట్టేసి, ఆ డబ్బు కట్టేసి బస్సెక్కుతుంది. అటు నుంచి వాట్సాప్‌లో ‘బాగానే ఉన్నానమ్మా’ అంటుంది. ఇలాంటి కథలు మాకు చెప్పని ఇల్లు అరుదు. మోసపుచ్చే, మీద పడి అమ్మే పద్ధతులు సహించరాని స్థాయిలో ఉన్నాయని సీఆర్‌టీసీయే 2019 ఫిబ్రవరి నివేదికలో రాసింది. వయసు మళ్లినవారు, భాష సరిగా రానివారు ఎక్కువగా నష్టపోతున్నారని కూడా చెప్పింది.

మన సంగతీ అంత నిశ్చింతగా లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చేనాటికి మన దగ్గర ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియా, ఎయిర్‌సెల్, టాటా డొకొమో, టెలినార్ అని వీధి చివర కొట్లో రంగురంగుల బోర్డులుండేవి. చౌక డేటా పండగ ముగిసేసరికి ప్రైవేటులో మిగిలినవి మూడు. అందులో ఒకటి అప్పుల్లో మునిగి అతి కష్టం మీద ఊపిరి తీస్తోంది. 2024 జులైలో ఆ మూడూ ఒకదాని వెనక ఒకటి, ఒకే వారంలో రేట్లు పెంచాయి. అప్పుడు జనం బీఎస్‌ఎన్‌ఎల్ దుకాణాల ముందు వరస కట్టారు. సస్కాచెవాన్ రైతుకు సాస్క్‌టెల్ ఎలాగో, ఆ నెలలో పల్నాడులో, ఆదిలాబాద్‌లో బీఎస్‌ఎన్‌ఎల్ అలాగే కనిపించింది. టవర్లు సరిగా లేక ఎంతోమంది వెనక్కి పోయారంటే ఆ పాపం ఢిల్లీది. మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేసిన ఒక మంచి పని మాత్రం కెనడా నేర్చుకోదగినది. జిల్లా అంతటా 24 గంటలకు మించి సేవ ఆగితే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలని 2024లో నిబంధన రాసింది. రోజర్స్ ఇచ్చిన ఐదు రోజుల మినహాయింపు ఆ కంపెనీ దయ. ఇక్కడ అది హక్కు.

అలాంటి హక్కు కెనడా చట్టంలోకి రావాలి. నెట్‌వర్క్ గుండెకాయ ఆగితే టవర్లు వాటంతటవే తప్పుకుని 911 కాల్‌ను పక్క కంపెనీకి వదలాలి, అది కంపెనీల మధ్య ఒప్పందంగా కాక లైసెన్సు షరతుగా ఉండాలి. మార్కెట్లో పది శాతం దాటిన కంపెనీ విదేశీయుల చేతికి పోకూడదన్న నిబంధనను కూడా మళ్లీ తూచాలి. అన్నిటికంటే ముందు చూడాల్సింది ఫ్రీడమ్ భవిష్యత్తు. దాని స్పెక్ట్రం లైసెన్సులు ఎవరికీ బదిలీ చేయకూడదన్న షరతు పదేళ్లకే. అది 2033తో తీరిపోతుంది. క్లియర్‌నెట్, ఫీడో, మొబిలిసిటీ ఎటు పోయాయో తెలిసినవాళ్లకు ఆ తర్వాతి భయం చెప్పనక్కర్లేదు. ఇవాళ బ్రాంప్టన్ బేస్‌మెంట్లో చదువుకుంటున్న మన పిల్లల్లో కొందరు అప్పటికి అక్కడి పౌరులై ఓటు వేస్తుంటారు. ఇప్పటికే ఓటున్న తెలుగువారు చాలామంది ఉన్నారు. తలుపు తట్టిన ఎంపీ అభ్యర్థిని వాళ్లు ఈ ఒక్క ప్రశ్న అడగాలని మా విన్నపం: 2033లో ఫ్రీడమ్‌ను కొంటామని ఆ ముగ్గురిలో ఒకరు వస్తే మీరు చేయెత్తేది ఎటు?