రోగిని ఎన్నాళ్లు బంధించవచ్చు?

1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడు రక్తదానం చేయడంతో అతనికి హెచ్‌ఐవీ ఉన్న సంగతి బయటపడింది. పోలీసులు పిలిపించి తీసుకెళ్లారు. వాడకంలో లేని ఒక టీబీ శానిటోరియంలో 64 రోజులు ఉంచారు, బయట కాపలా పెట్టారు. హెచ్‌ఐవీ ఉన్నవారిని విడిగా ఉంచే అధికారం అప్పటి గోవా ప్రజారోగ్య చట్టంలోనే ఉంది. తల్లి లూసీ బొంబాయి హైకోర్టుకు వెళ్తే, వ్యక్తి హక్కుకూ సమాజ హితానికీ పొసగనప్పుడు వ్యక్తి హక్కే తగ్గాలని కోర్టు తేల్చింది.

ఆ తీర్పు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తాకితేనో, పక్కన కూర్చుంటేనో హెచ్‌ఐవీ అంటదని అప్పటికే తెలుసు. మరి ఆ 64 రోజుల్లో ఎవరిని కాపాడినట్టు? ఎవరి హక్కు గొప్పదని తూచే ముందు, ఈ నిర్బంధంతో రోగం ఆగుతుందా అని అడగాలి. దగ్గితే గాలిలో వ్యాపించే టీబీ సంగతి వేరు. మందులు పనిచేసి అంటించే దశ దాటేదాకా రోగిని విడిగా ఉంచడం సబబే.

హెచ్‌ఐవీ ఉన్న ఎన్‌హార్న్ అనే వ్యక్తిని నిర్బంధించినందుకు 2005లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం స్వీడన్‌ను తప్పుపట్టింది. మిగతా దారులన్నీ చూశాకే, చివరి మార్గంగానే నిర్బంధించాలంది.

మన అంటువ్యాధుల చట్టంలో ఆ ఊసే లేదు. బొంబాయి ప్లేగు కాలంలో, 1897లో తెల్లదొరలు చేసిన చట్టమది. అధికారులకు విశేషాధికారాలిచ్చి, సదుద్దేశంతో చేసిన పనికి కేసులు ఉండవని అభయమిచ్చింది. నిర్బంధం ఎన్నాళ్లు, ఎవరికి మొరపెట్టుకోవాలి అన్నది లేదు. 2020లో సవరించినప్పుడు వైద్య సిబ్బందిపై దాడులకు శిక్షలు చేర్చారు. అది అవసరమే. నిర్బంధంలో ఉన్నవాళ్ల హక్కుల గురించి మాత్రం ఒక్క మాటా చేర్చలేదు.

2020 మార్చిలో హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేయిస్తే, తెలంగాణ పోలీసుల పాసులు పట్టుకుని సొంతూళ్లకు బయల్దేరిన పిల్లలు ఆంధ్రప్రదేశ్ సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. 14 రోజులు క్వారంటైన్‌కు ఒప్పుకుంటేనే లోపలికి రానిస్తామన్నారు. క్వారంటైన్ పెట్టడం తప్పని నేననను. ఆ మాట హైదరాబాద్‌లో బయల్దేరకముందే చెప్పి ఉండాల్సింది. కొవిడ్ రోగుల ఇళ్ల ముందు పోస్టర్లు అంటించడాన్ని కూడా ఆ ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు అడ్డుకోవాల్సి వచ్చింది.

చట్టాన్ని తిరగరాయాలి. రోగి చేతికి అతని భాషలో ఉత్తర్వు ఇవ్వాలి. కారణం, గడువు అందులో ఉండాలి. కొద్ది రోజుల్లోనే మేజిస్ట్రేట్ సమీక్షించాలి. ముఖ్యంగా కూలి నష్టం ప్రభుత్వమే భరించాలి. పూట గడిచే భరోసా ఉన్న కూలీ ఇంట్లో ఉండటానికి తలుపు బయట పోలీసు అక్కర్లేదు.