బ్రేకు చూడమంటే ఇంజను మార్చమంటారు

నాన్న కొన్న పాత ప్రీమియర్ పద్మిని కారును తిరుపతిలో ఏ షెడ్డుకు తీసుకెళ్లినా ఇదే గొడవ. నేను అడిగేది బ్రేకు సరిచేయమని. వాళ్లు చూసేది మాత్రం స్టీరింగ్ పక్కనున్న గేరు కడ్డీని! అది పీకేసి గేరు కింద పెట్టిద్దామంటారు. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే ఈ కార్బురేటర్‌తో కష్టమండీ, మారుతి ఇంజను ఎక్కిద్దామంటారు. లీలామహల్ కూడలిలో ఆగితే పక్క స్కూటర్ మీది పెద్దమనిషిదీ అదే సలహా.

ఎందుకు మార్చాలి? ఆ 1089 సీసీ ఇంజను, ఆ గేరు తీసేస్తే మిగిలేది రేకు డబ్బా. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న కారుకే వింటేజ్ గుర్తింపు దక్కుతుంది, ‘వీఏ’ అక్షరాలున్న నంబరు వస్తుంది. మా కారుకు ఆ వయసు ఇంకా రాలేదు. వచ్చేలోపే దాన్ని కోసి అతికిస్తే ఆ అర్హత ఎక్కడ మిగులుతుంది?

సామాను దొరకదన్న మాట నాకు చెప్పకండి. చెన్నై పుదుపేటలో పాత విడిభాగాల దుకాణాలన్నీ తిరిగి నేనే తెస్తాను. బిగించడం తెలిస్తే బిగించండి, తెలియకపోతే ఆ మాట చెప్పండి. నా కారును మాత్రం కోయకండి.