బండి వణికితే గేర్‌బాక్స్ పోయినట్టేనా?

మా రొయ్యల చెరువుల గ్రూపుల్లో ఒక వాయిస్ మెసేజ్ తెగ తిరుగుతోంది. గొంతు భలే ధీమాగా ఉంటుంది. ఆయన చెప్పేది నాలుగు ముక్కలు. ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే) బండి వణికిందంటే గేర్‌బాక్స్ పోయినట్టే. టైర్ల సైజు ఒకటే అయితే వాటికీ దీనికీ సంబంధం లేదు. ఆల్ వీల్ డ్రైవ్ ఫ్యూజు పీకి చూడండి, వణుకు ఆగితే వెనక డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల పెట్టె) మార్చాల్సిందే. అందాకా ఫ్యూజు లేకుండానే తిప్పుకోండి.

ఇది విని మా బావ ఇందుకూరుపేట నుంచి ఫోన్ చేశాడు. "ఏం బామ్మర్దీ, గేర్‌బాక్స్‌కి ఎంతవుద్దంటావ్?" బండి ఇంకా ఎవరికీ చూపించనేలేదు.

గేర్‌బాక్స్ పోవచ్చు, కాదనను. కానీ ఒళ్లు వెచ్చబడగానే టైఫాయిడ్ అనేస్తే ఎట్టా? ఎప్పుడు వణుకుతోందో ముందు చూడాలి. నిలబెట్టి రేస్ చేసినా వణికితే ఇంజిన్, దాని మౌంటింగులు చూసుకోవాలి. హైవే మీద 80లో వణుకుతుంటే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి. తీయగానే తగ్గి, తొక్కగానే మళ్లీ వస్తే చక్రానికి శక్తి తీసుకుపోయే ఇరుసు మీది లోపలి సీవీ జాయింట్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. కాలు తీసినా పోకుండా స్పీడుతో పాటే పెరుగుతూ తగ్గుతూ ఉంటే టైరో, రిమ్మో, వెనక చక్రాల వైపు శక్తిని మోసే ప్రొపెల్లర్ షాఫ్టో. 80లో టైరు సెకనుకు సుమారు 10 చుట్లు తిరుగుతుంది, ఆ వణుకు స్టీరింగునీ సీటునీ ఊపుతుంది. షాఫ్ట్ చాలా బండ్లలో అంతకు రెండు మూడు రెట్లు వేగంగా తిరుగుతుంది కాబట్టి పాదాల కింద సన్నగా జివ్వుమంటుంది. టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది) ఉన్న ఆటోమేటిక్‌లో, 60-80 మధ్య తేలిగ్గా తొక్కినప్పుడు చిన్న చిన్న స్పీడ్ బ్రేకర్ల వరస మీద పోయినట్టు గడగడలాడితే ఆ కన్వర్టర్‌ని నేరుగా పట్టి ఉంచే లాకప్ క్లచ్‌ని అనుమానించాలి. మెసేజ్ ఆయన మాట కాస్తో కూస్తో నిలబడేది ఇక్కడే. అప్పుడైనా ముందు చూడాల్సింది ఆయిల్.

బావ బండికి హైవే మీద ఏమీ లేదు. చెరువు గట్టు మీద స్టీరింగ్ పూర్తిగా తిప్పి మళ్లించేటప్పుడు కటకటమని పట్టి వదులుతోంది. రెండు నెలల కింద ముందు టైర్లు రెండే మార్చాడట.

సంబంధం లేదన్న టైర్ల సంగతి ఇదీ. బావ టైర్ల సైజు 225/60 ఆర్17. కొత్తవాటికి 8 మిల్లీమీటర్ల బటన్ (గాడి లోతు), వెనకవాటికి మిగిలింది 3. ఆ 5 మిల్లీమీటర్లకు చుట్టుకొలతలో 31 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. మొత్తం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు గనక వెనక టైరు కిలోమీటరుకు ఆరు చుట్లు అదనంగా తిరగాలి. నెల్లూరు నుంచి ఒంగోలు పోయేసరికి ఏడు వందల దాకా. ఆ తేడా అంతా వెనక చక్రాలకు శక్తిని కలిపే కప్లింగ్‌లోని క్లచ్ ప్లేట్లు జారుతూ సర్దుకోవాలి. ప్లేట్లు వేడెక్కుతాయి, ఆయిల్ చెడుతుంది. మలుపులో ముందు చక్రాలు పెద్ద వలయంలో, వెనకవి చిన్న వలయంలో పోతాయి కాబట్టి ఎటూ ఆ ప్లేట్లు నున్నగా జారక తప్పదు. చెడిన ఆయిల్‌లో అవి పట్టి వదులుతాయి. బావకి వినబడింది అదే. ఎంత తేడా వరకు ఫరవాలేదో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

(పార్ట్ టైం ఫోర్ బై ఫోర్ కథ వేరు. మైపాడు ఇసుకలో ఫోర్ హై (నాలుగు చక్రాలకూ శక్తి) వేసి, అట్టాగే తారురోడ్డెక్కి మలుపు తిప్పితే పట్టి లాగుతుంది. చెడిందేమీ లేదు, టూ హైకి (రెండు చక్రాలకే శక్తి) మార్చండి.)

ఫ్యూజు పీకితే కప్లింగ్ పట్టడం మానేస్తుంది. అది పరీక్షగా మంచిదే, తీర్పే తప్పు. బావ బండిలోనూ పీకితే వణుకు ఆగింది. మెసేజ్ ప్రకారం డిఫరెన్షియల్ మార్చాలి. తీరా డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిల్ నల్లగా, మాడు వాసనతో కారింది. చెడింది ఆయిలే. కప్లింగ్ వెనక డిఫరెన్షియల్‌ని ఆనుకుని ఉండే బండ్లలో, ఫ్యూజు పీకినా ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి అప్పుడూ వణుకుతుంటే షాఫ్టునీ, దాన్ని మధ్యలో పట్టి ఉంచే సెంటర్ బేరింగునీ వదిలేయకూడదు.

ఫ్యూజు లేకుండా తిప్పుకుంటే కార్తీక మాసం వానల్లో బురద గట్టెక్కించేది ఎవరు?

బావ బండికి పుస్తకంలో చెప్పిన ఆయిలే పోయించాం. కొన్నిటికి కప్లింగ్‌కి ఒక ఆయిల్, డిఫరెన్షియల్‌కి ఒకటి. కొన్నిటికి రెండింటికీ ఒకటే. షాపులో ఉందని ఏదో గేర్ ఆయిల్ పోయించుకోవద్దు. ఖాళీ స్థలంలో ఇరువైపులా గుండ్రంగా పదేసి చుట్లు తిప్పాక చప్పుడు ముప్పాతిక తగ్గింది. మిగతా పాతిక వెనక టైర్లు మార్చాకే పోయింది. ఆ టైర్లకు ఆయన్ని ఒప్పించడానికి నాకు ఇంకో నెల పట్టింది.