ఎండెమిక్ అనే మా జిల్లా బిరుదు

నల్లగొండలో ఫ్లోరైడ్ మీద ఒక సదస్సు పెడితే వెళ్లాను. సీలు వేసిన నీళ్ల సీసా ముందు పెట్టుకుని పెద్ద సారు గంటసేపు మాట్లాడారు. 'ఎండెమిక్' అనే మాట పదకొండుసార్లు వాడారు. నేనే లెక్కపెట్టాను, వేరే పనేమీ లేక. పోచంపల్లి చీరకు భౌగోళిక గుర్తింపు దక్కినట్టు మాకూ ఏదో దక్కిందని తోచేటంత గౌరవంగా పలికారు.

మర్రిగూడ వైపు నుంచి వచ్చిన తాత ఒకాయన నా పక్కన ఉన్నాడు. "బాబూ, ఎండెమిక్ అంటే ఎండకు వచ్చేదా?" అన్నాడు. వెనక వరుసాయన అవునన్నాడు. మరొకాయన మజ్జిగలో ఉప్పేసుకుని తాగమన్నాడు. ఇంకొకాయన ఉల్లిగడ్డ జేబులో పెట్టుకోమన్నాడు. ఆ ఉల్లిగడ్డ ఎర్రదా తెల్లదా అని కాసేపు వాదన జరిగింది. వేదిక మీద ఆపాటి వైద్యం కూడా ఎవరూ చెప్పలేదు.

టీ విరామంలో నిఘంటువు చూశాను. గ్రీకులో 'ఎన్' అంటే లోపల, 'డెమోస్' అంటే జనం. మొక్కల విషయంలోనైతే ఒక్కచోట తప్ప మరెక్కడా పెరగనిది. జబ్బుల విషయంలో ఒక ప్రాంతాన్ని పట్టుకుని వదలనిది. ఎపిడెమిక్ చుట్టపుచూపుగా వస్తుంది, ఊరంతా హడావుడి పడుతుంది. ఎండెమిక్ ఇల్లరికపు అల్లుడు. ఎప్పుడు వెళతావని ఎవరూ అడగరు.

పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే 'నల్లగొండ టెక్నిక్' కెన్యా, టాంజానియాల దాకా వెళ్లింది. మా పేరుకు అంత ప్రయాణం రాసిపెట్టి ఉంది. నీళ్లకు లేదు. 1955లో ఈ జిల్లా అంచునే నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎత్తు మీద ఉన్న మర్రిగూడకు మాత్రం బోరు నీళ్లే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే, దాటిన నీళ్లతోనే బిడ్డలను పెంచారు. పళ్లు గారపట్టాయి, కాళ్లు వంకరపోయాయి. ఫ్లోరైడ్ మా రాళ్లలో ఉంది, జనంలో లేదు! జనంలోకి దిగేదాకా చూస్తూ కూర్చున్నది ఎవరు? పక్కన కృష్ణ పారుతుంటే విషం తాగనిచ్చి, దానికి గ్రీకు పేరు పెట్టి మా నేల గుణం అంటారా? చివరికి పైపుల్లో కృష్ణా నీళ్లు వచ్చాయిగా. అంటే రావడానికి దారి ఉన్నట్టే, సారూ.

సదస్సు ముగిశాక బయట ఎండ మండిపోతోంది. తాత తుండుగుడ్డ నెత్తికి చుట్టుకోబోయాడు. చేతులు భుజాల పైకి లేవలేదు. నేనే చుట్టాను.

"ఇంతకూ ఎండకేనా?" అన్నాడు.

ఎండకే అన్నాను.