"అదే చిప్పు, అదే ఫ్యాక్టరీ, మిగతాదంతా లోగో డబ్బులు" అనే ఫార్వర్డ్ సంగతి

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో లాప్‌టాప్ పంచాయితీ షురూ అవుతుంది, ఈసారి అందరూ తిప్పి తిప్పి పెడుతున్న ఫార్వర్డ్ ఇదీ: "అన్ని లాప్‌టాప్‌లలో ఉండేది అదే ప్రాసెసర్, అన్నీ తయారయ్యేది అదే ఫ్యాక్టరీలో, కాస్ట్‌లీ వాటికి మీరు కట్టేది లోగో డబ్బులు. పాడైతే మిగిలిన డబ్బుతో ఇంకోటి కొనుక్కోవచ్చు. చౌక కంపెనీల దెబ్బకి పెద్ద బ్రాండ్లన్నీ త్వరలో దుకాణం బంద్ చేస్కుంటాయి." మూడో ఫ్లోర్ అంకుల్ అయితే కింద "వంద శాతం కరెక్ట్" అని కూడా పెట్టారు. గ్రూపులోనే చెప్తే పెద్దాయన ఫీలవుతారని ఇక్కడ రాస్తున్నా.

మొదటిది, అదే ప్రాసెసర్. స్టిక్కర్ వరకే నిజం ఇది. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లలో రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు అని రెండున్నాయి, షాపులో పక్కపక్కన పెడితే రెండిటి మీదా రైజెన్ 5 అనే ఉంటుంది, కానీ మొదటి దాంట్లో 4 కోర్లు (అంటే చిప్పులో అసలు పని చేసే భాగాలు), అవి కూడా 2019లో వచ్చిన జెన్ 2 డిజైన్‌వి, రెండో దాంట్లో 6 కోర్లు, జెన్ 3వి. ఈ 7000 సిరీస్ నాలుగంకెల్లో మూడో అంకె చూస్తే ఏ తరందో తెలిసిపోతుంది, అది షాపువాడు చెప్పడు, బిల్లు మీద కూడా ఒక్కోసారి సగం పేరే రాస్తాడు. ఇంటెల్ కూడా తక్కువేం తినలేదు, ఐ5 1235యు బేస్ పవర్ (మామూలుగా లాగే కరెంట్) 15 వాట్లు, ఐ5 1240పీది 28 వాట్లు, రెండూ "ట్వెల్త్ జెనరేషన్ ఐ5" అనే అమ్ముడుపోయాయి. పోనీ అచ్చంగా ఒకే చిప్పు అనుకున్నా దానికి ఎంత కరెంట్ ఇవ్వాలి, ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టాలి అన్నది లాప్‌టాప్ కంపెనీ ఇష్టం, చిన్న ఫ్యాన్ పెట్టి వదిలేస్తే పది నిమిషాలు బాగానే ఉరికి తర్వాత వేడెక్కి నడక మొదలుపెడుతుంది. ఇక ఆపిల్‌లో "అదే ఇంటెల్" అనేవాళ్ళకి ఓ నమస్కారం, 2020 నవంబర్‌లో ఎం1 వచ్చినప్పట్నుంచే వాళ్ళు సొంత చిప్పులకి మారడం మొదలుపెట్టారు, 2023కల్లా పూర్తిగా మారిపోయారు.

రెండోది అదే ఫ్యాక్టరీ. అవును, ఒప్పుకుంటా. క్వాంటా, కంపాల్ లాంటి తైవాన్ కంపెనీలే చాలా బ్రాండ్లకి లాప్‌టాప్‌లు చేసిపెడతాయి. అయితే ఏంటంట? మనూళ్ళో ఒకే వంటమాస్టర్ పెళ్ళికీ వండుతాడు, పదకొండో రోజుకీ వండుతాడు, నెయ్యి ఇచ్చామా డాల్డా ఇచ్చామా అన్నది సరుకుల లిస్టు రాసిచ్చిన వాళ్ళ లెక్క గానీ మాస్టర్‌ది కాదు కదా.

ఆ సరుకుల లెక్క నేను కళ్ళారా చూశా. మా పిన్ని కొడుకు ఫస్టియర్‌లో కొన్న లాప్‌టాప్ (కంపెనీ పేరెందుకులెండి) ఏడాదిన్నరకి మూత తెరుస్తుంటే టక్కున సౌండొచ్చి ఓ మూల పైకి లేచింది. సర్వీస్ సెంటర్‌లో "ఫిజికల్ డ్యామేజ్ సార్, కవర్ కాదు" అన్నారు. సరే అని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో తెలిసిన మెకానిక్ దగ్గరికి తీస్కెళ్తే విప్పి చూపించాడు. హింజ్, అంటే మూతని పట్టుకునే బందు, ఇనుముదే, గట్టిగానే ఉంది, కానీ దాని స్క్రూలు దిగేది గోరంత ఇత్తడి నట్లలోకి, ఆ నట్లు కూర్చున్నదేమో ఉత్త ప్లాస్టిక్‌లో, ఆ ప్లాస్టిక్ పెచ్చులూడి నట్లు స్క్రూలతో సహా బయటికొచ్చేశాయి. "చూడన్నా, ఇనుముకేం కాలె, గోడే కూలింది" అన్నాడు, ఆ మాట నాకు భలే నచ్చింది. ఇంత ప్రాసెసర్, ఇంత ర్యామ్ అని రాసిన లిస్టులో ఈ నట్టు ఎక్కడా ఉండదు, స్క్రీన్ వెలుతురెంతో, టచ్‌ప్యాడ్ ఎలా ఉంటుందో కూడా చాలాసార్లు ఉండదు, ధర తగ్గించాలంటే కంపెనీవాడు ముందు కోసేది ఈ రాయని వాటినే.

మూడోది లోగో డబ్బులు, ఇందులో మాత్రం అంకుల్ మాట సగం నిజం. ఆపిల్ వాళ్ళ ఎం1 మాక్‌బుక్ ఎయిర్ 2020లో ఇక్కడ 92,900కి వచ్చింది, 8 జీబీ ర్యామ్ 16 చేయమంటే ఇంకో 20,000 అడిగారు, బోర్డుకే అతికించి ఉంటుంది కాబట్టి తర్వాత బయట వేయించుకునే దారి కూడా లేదు. ఇది దోపిడీ కాకపోతే ఏంటి! 2015 నుంచి కొన్నేళ్ళు వాళ్ళు పెట్టిన బటర్‌ఫ్లై అనే పల్చటి కీబోర్డ్ అయితే చిన్న దుమ్ము రేణువు పడ్డా మొరాయించేది, చివరికి 2018లో ఫ్రీ రిపేర్ ప్రోగ్రామ్ పెట్టాల్సొచ్చింది. కాబట్టి ఖరీదు పెడితే కళ్ళు మూస్కుని కొనొచ్చు అని నేను అనట్లేదు.

పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చట, అది సెమిస్టర్ ఎగ్జామ్స్ ముందు పాడైతే తెలుస్తుంది. బడ్జెట్ నిజంగా తక్కువైతే ఐటీ కంపెనీలు వాడి వదిలేసిన బిజినెస్ మోడళ్ళు, లెనోవో థింక్‌ప్యాడ్‌లు, డెల్ లాటిట్యూడ్‌లు సీటీసీలోనే దొరుకుతాయి, వాటి హింజులు ముట్టుకుని చూడండి. ఒక్కటే, ఇంటెల్ అయితే ఎనిమిదో జెనరేషన్ కంటే పాతది తీస్కోకండి, విండోస్ 11కి అది పనికిరాదు, విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది.

ఇక పెద్ద బ్రాండ్లు మూతపడతాయన్నది. ఈ జోస్యం కొత్తదేం కాదు. 2007లో ఆసుస్ వాళ్ళు ఈ-పీసీ అని 7 అంగుళాల స్క్రీన్, 4 జీబీ స్టోరేజ్‌తో బుజ్జి లాప్‌టాప్ తెచ్చారు, నెట్‌బుక్ అన్నారు, మిగతా కంపెనీలన్నీ వెనకే ఎగబడ్డాయి, ఇక ఖరీదైన లాప్‌టాప్ ఎవడు కొంటాడు అన్నారు. 2010లో ఐప్యాడ్ వచ్చింది, 2013 వచ్చేసరికి నెట్‌బుక్కులే మాయం. చౌక మీదే పైకొచ్చిన ఏసర్‌కి 2011లో సీఈఓ వెళ్ళిపోయాడు, 2013లో భారీ నష్టం, ఎందుకంటే ఒక్కో పీస్ మీద మిగిలేది చిల్లరైనప్పుడు అమ్మకాలు కాస్త తగ్గినా తట్టుకోలేం, ఇది మన కిరాణా కొట్టాయనకి కూడా తెలుసు. అటువైపూ పడ్డవాళ్ళున్నారు, దాచనక్కర్లా, ఐబీఎం 2005లో పీసీ వ్యాపారం మొత్తం లెనోవోకి ఇచ్చేసింది, సోనీ 2014లో తన వాయో లాప్‌టాప్ వ్యాపారం అమ్ముకుంది. అయినా అసలు చౌక కంపెనీలు వేరు, ఖరీదైన కంపెనీలు వేరు అన్న గీతే తప్పు, చౌక ఐడియాప్యాడ్ అమ్మేదీ ఖరీదైన థింక్‌ప్యాడ్ అమ్మేదీ ఒకే లెనోవో, ఈ-పీసీ తెచ్చిన ఆ ఆసుసే 2011లో ఖరీదైన జెన్‌బుక్ తెచ్చింది. ఎవర్ని ఎవరు మూయిస్తారు మరి?

ఇందాక లిఫ్టులో అంకుల్ కలిశారు, వాళ్ళబ్బాయికి ఏం చూస్తున్నారంటే "రైజెన్ 5 అమ్మా, సూపర్ ఆఫర్" అన్నారు. వెనకాల నంబరేంటి అంకుల్ అని వాట్సాప్‌లో అడిగా. బ్లూ టిక్‌లు పడ్డాయి, రిప్లై ఇంకా రాలేదు.