కానుక సంచికి, చివరి బల్ల నుంచి

ప్రియమైన కానుక సంచికి,

ప్రభువు నామంలో వందనాలు.

నేనెవరో నీకు పరిచయం చెయ్యక్కర్లేదు. ఎడమ పక్క, స్తంభం వెనక, చివరి బల్ల. పాస్టర్ గారు మైకు వెనక నోరు దాచుకుని గంటా పది నిమిషాలు మాట్లాడతారు, పాటల బృందం అరగంట పెదాలు ఆడిస్తుంది, ప్రకటనలు చదివే పెద్దాయన కాగితంలోంచి తల ఎత్తడు, ఇందులో ఒక్క ముక్క కూడా స్తంభం దాటి నా దాకా రాదు. నువ్వు వస్తావు. పొడుగు కర్రకు వేలాడుతూ వరస తర్వాత వరస దాటుకుని, స్తంభం పక్కనుంచి ఒంగి, సరిగ్గా నా గుండెకి ఎదురుగా ఆగి నోరు తెరుస్తావు. వెంటనే అర్థమైపోతుంది. ఆరాధన మొత్తంలో నా భాష వచ్చింది నీకొక్కదానికే.

పుట్టినప్పటి నుంచీ నాకు వినపడదు. నోటీసు బోర్డు మీద మా గుంపుకి ‘బధిర పరిచర్య’ అని పేరు రాశారు. మేమైతే చెవిటివాళ్లమనే చెప్పుకుంటాం, అందులో మాకు చిన్నతనమేమీ లేదు. ఒకసారి ఆ మాట సైగ చేసి చూపిస్తుంటే పక్కనున్న సిస్టర్ గారు అయ్యో అలా అనుకోకూడదు అన్నట్టు నా రెండు చేతులూ పట్టుకుని ఆపేశారు. నా చేతులు పట్టుకోవడమంటే నా నోరు నొక్కడమేనని ఆవిడకి తెలియదు, పాపం.

మా మందిరంలో మంచి తెర ఉంది, ప్రొజెక్టర్ ఉంది. పాటల్లో చరణాలు పడతాయి, అదీ కంప్యూటర్ దగ్గర కూర్చున్న అబ్బాయి ఫోన్ చూసుకుంటూ మర్చిపోకపోతే. ప్రసంగం మాత్రం ఒక్క లైను కూడా పడదు, ముందే టైపు చెయ్యడం కష్టమట. కానీ నీ టైం అయ్యేసరికి చూడాలి తెర ఎలా వెలుగుతుందో! సంపాదనలో పదో వంతు, అంటే దశమభాగం, తెమ్మనే మలాకీ 3:10 వాక్యం పూర్తిగా, బ్యాంకు ఖాతా నంబరు, దాని పక్కన క్యూఆర్ కోడ్, అన్నీ స్తంభం వెనక ఉన్నవాడికి కూడా కనపడేంత పెద్ద అక్షరాల్లో. ఇన్నేళ్లుగా ఈ మందిరానికి వస్తున్న నాకు ఇక్కడ కంఠతా వచ్చిన వాక్యం అదొక్కటే. ఇంకోటి కూడా నేర్చుకున్నాను. దశమభాగం కోతలకు ముందు జీతం మీద లెక్కించాలా, చేతికొచ్చిన దాని మీద లెక్కించాలా అనే సందేహం వచ్చినప్పుడు ఉదాహరణతో సహా లెక్క కట్టి తెర మీద వేశారు. రక్షణ గురించి నాకు ఎవరూ అంత వివరంగా చెప్పలేదు.

తెలుగులో మా మీద ఒక సామెత ఉంది, నీకు తెలిసే ఉంటుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏంటి కొరుకుతున్నావు అన్నాడట. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను, బాగానే ఉంటుంది. కాకపోతే ఆ శంఖం ఎవరి డబ్బుతో కొన్నారన్నది సామెతలో లేదు. మా మందిరంలో అది కూడా తెలుసు. పోయిన ఏడాది కొత్త స్పీకర్లు, కొత్త మిక్సర్, మనిషికో మైకు వచ్చాయి, మా ఆరుగురి దశమభాగాలు కూడా అందులో కలిశాయి. అంటే నా డబ్బుతో శంఖం కొని నా ముందే ఊదుతున్నారు. పూర్తిగా వృథా అనను. ఆ స్పీకర్లు మోగితే చివరి బల్ల వణుకుతుంది, వెన్నెముక దాకా తెలుస్తుంది. నా కానుకలో నాకు తిరిగొచ్చిన వాటా ఆ వణుకే.

నీ అడుగున మెత్తటి వెల్వెట్ గుడ్డ ఎందుకో చాలాకాలం తెలియలేదు నాకు. చిల్లర వేసినప్పుడు చప్పుడు కాకూడదని అట. తక్కువ వేసినవాడు సిగ్గుపడకూడదని. వినపడేవాళ్ల సిగ్గు గురించి అంత ముందుచూపుతో కుట్టించిన సంఘం, ఆదివారం పొద్దున మా ఆరుగురం ఎక్కడ కూర్చుంటే సైగలు కనపడతాయో మాత్రం ఆలోచించలేదు. ఇంటర్‌ప్రెటర్ వచ్చిన రోజున ఆవిణ్ణి లైటు లేని మూల నిలబెడతారు. వేదిక మీద నిలబెడితే ‘అందరి దృష్టీ మళ్లుతుంది’ అట.

ఆవిడ గురించి కూడా చెప్పాలి. తల్లిదండ్రులిద్దరూ చెవిటివాళ్లు, సైగ భాష ఆవిడకి ఉగ్గుపాలతో వచ్చింది. ఈ పనిచేసేవాళ్లు మామూలుగా ఇద్దరు ఉండి 20, 30 నిమిషాలకోసారి మారతారు, ఎందుకంటే ఒక భాష చెవిలోంచి వస్తుంటే ఇంకో భాష చేతుల్లోంచి పోవాలి, బుర్ర అలిసిపోతుంది. మా దగ్గర ఆవిడ ఒక్కతే రెండు గంటలు చేస్తుంది. దారి ఖర్చులన్నా ఇవ్వండని అడిగితే కోశాధికారి గారు ‘ఇది పరిచర్యమ్మా, ప్రతిఫలం పైన ఉంది’ అన్నారట. సౌండ్ చూసే అబ్బాయి ప్రతిఫలం మాత్రం కిందే ఉంది, నెల నెలా, రసీదుతో సహా. ఇంకో మాట, ఆవిడ రాని వారం ఆరాధన ఆగదు, మాకెవరూ ముందు చెప్పను కూడా చెప్పరు. నువ్వు రాని వారం ఒక్కటి చూపించు! కర్ర విరిగిన రోజు కూడా ఎవరో టోపీ తిప్పారు, నాకు గుర్తుంది.

ప్రార్థన సంగతి వేరే. అందరూ కళ్లు మూసుకోండి అంటారు (ఇంటర్‌ప్రెటర్ ఈ ముక్క మాకు చేత్తో చెప్పినప్పుడు ఆవిడకే నవ్వొస్తుంది). మేం కళ్లు మూసుకుంటే ప్రార్థన అయిపోయినట్టే. అందుకని తెరిచే ఉంచుతాం, దాంతో సంఘంలో ఎవరు నిజంగా ప్రార్థిస్తారో, ఎవరు వాచీ చూసుకుంటారో మా ఆరుగురికీ బాగా తెలుసు. ఒక పెద్దాయన నన్ను చూసి కళ్లు మూసుకోమని గట్టిగా సైగ చేశాడు. ఆయన కళ్లు ఎందుకు తెరిచి ఉన్నాయో నేను అడగలేదు.

ఏడాదికోసారి మా ఆదివారం వస్తుంది. ఆ రోజు పదిమంది పిల్లలు తెల్ల గ్లవ్స్ వేసుకుని వరసగా నిలబడి ఒక పాటకి చేతులు ఊపుతారు. చాలా అందంగా ఉంటుంది. వెనక బల్లల వాళ్లు కూడా కళ్లు తుడుచుకుంటారు, వీడియోలు తీస్తారు. మాకు మాత్రం అర్థం కాదు, ఎందుకంటే ఆ సైగల్లో సగం వాళ్లు వీడియో చూసి నేర్చుకున్న ఇంకో దేశానివి, మిగతా సగం ఏ దేశానివీ కావు. సైగ భాష అంటే ప్రపంచమంతా ఒకటే అనుకుంటారు చాలామంది. లోకంలో సైగ భాషలు 300 దాకా ఉన్నాయి, ఒక్కోదానికి సొంత వ్యాకరణం ఉంది, తెలుగుని ముక్క ముక్కగా చేతుల్లో పెడితే వచ్చేది కాదు. పాట అయ్యాక పాస్టర్ గారు మమ్మల్ని లేచి నిలబడమన్నారు, అందరూ చప్పట్లు కొట్టారు. దేనికో మాకు తెలియలేదు. ఆ వెంటనే నువ్వొచ్చావు, ఆ రోజు రెండు సార్లు, రెండోసారి ‘బధిర పరిచర్య కోసం ప్రత్యేక కానుక’. మేమూ వేశాం. మా కోసం మేమే. ఆ డబ్బు తర్వాత ఏమైందో నీకన్నా తెలిస్తే చెప్పు.

మా కూటం జరిగేది స్టోర్ రూంలో. విరిగిన కుర్చీలు, పాత బ్యానర్లు, క్రిస్మస్ నక్షత్రాల నడుమ. ‘పదియవ భాగమంతయు మందిరపు నిధిలోనికి’ తెమ్మన్న వాక్యంలోని నిధి అంటే అసలు సరుకు దాచే కొట్టే కదా, ఆ లెక్కన లోపల ఉన్నది మేమే అని మా వాళ్లలో ఒకాయన జోకు వేస్తాడు.

నీ వంశ చరిత్ర చదివాను, ఏమీ అనుకోకు. 2 రాజులు 12వ అధ్యాయం. మందిరానికి డబ్బు వస్తూనే ఉంది, మరమ్మతు మాత్రం జరగలేదు. యోవాషు రాజు ఏలుబడిలో 23వ ఏడు వచ్చినా కూలిన గోడలు కూలినట్టే ఉన్నాయి. అప్పుడు రాజు యాజకుల్ని పిలిచి ఇంక మీరు డబ్బు తీసుకోవద్దన్నాడు, యాజకుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి మూతకి బెజ్జం చేసి బలిపీఠం పక్కన పెట్టాడు. అంటే నీ తాత పుట్టింది డబ్బు రావడం లేదని కాదు, వచ్చింది పనికి చేరడం లేదని. ఇంత గొప్ప పుట్టుక పుట్టి నువ్వేమో నోరు తెరవడం ఒక్కటే నేర్చుకున్నావు.

స్వస్థత కూటాల గురించి ఎక్కువ రాయను, ఒళ్లు మండుతుంది. ఎవరెవరి వేళ్లు నా చెవుల్లో పెట్టారో లెక్క లేదు, చెవిలోకి అరిచినవాళ్లూ ఉన్నారు, దాని వల్ల ఏం ఉపయోగమో దేవుడికే తెలియాలి. వినపడకపోతే తప్పు నా విశ్వాసానిది. వాళ్లకి ఆధారం మార్కు 7, యేసు ఒక చెవిటివాడితో ‘ఎప్ఫతా’, అంటే తెరుచుకో, అన్న కథ. అదే కథ నేనూ చదివాను, నాకు వేరేవి కనపడ్డాయి. ఆ మనిషిని ఆయన గుంపులోంచి పక్కకి, ఏకాంతంగా తీసుకెళ్లాడు, వేదిక ఎక్కించలేదు. మాట పలికే ముందు చెవులు ముట్టాడు, నాలుక ముట్టాడు, ఆకాశం వైపు చూశాడు, నిట్టూర్చాడు. అన్నీ కంటికి కనపడే పనులే. ఏం చెయ్యబోతున్నాడో ఆ మనిషికి అర్థమయ్యే పద్ధతిలో ముందు చెప్పాడన్నమాట. చాలా సైగ భాషల్లో ఆయన పేరు కూడా అలాంటిదే, మధ్యవేలితో ఒక అరచెయ్యి నడుమ తాకి, తర్వాత రెండో అరచెయ్యి నడుమ తాకుతాం, మేకుల గుర్తులు. మేం యేసు అన్నప్పుడల్లా ఆ గాయాలు ముట్టుకునే అంటాం. ఈ సంగతి మా సంఘంలో వినపడేవాళ్లెవరూ ఎప్పుడూ అడగలేదు.

అలాగని చర్చి గురువులందరినీ, అంటే పాదిరీలందరినీ, ఒకే గాట కట్టను. 18వ శతాబ్దంలో పారిస్‌లో షార్ల్ మిషెల్ ద లెపె అనే గురువు చెవిటి పిల్లలకి ఉచితంగా బడి పెట్టి, ముందు వాళ్ల సైగలు తను నేర్చుకున్నాడు. 1880లో మిలాన్‌లో జరిగిన మహాసభ, జూలియో తార్రా అనే ఇంకో గురువే అధ్యక్షుడుగా, చెవిటి పిల్లల బడుల్లో నోటిమాటే నేర్పాలని, సైగలు వద్దని తీర్మానించింది. ఓటు వేసినవాళ్లు దాదాపు అందరూ వినపడేవాళ్లే. తర్వాత మూడేళ్లకే, 1883లో, అమెరికాలో హెన్రీ వింటర్ సైల్ అనే చెవిటి మనిషి ఎపిస్కోపల్ అనే చర్చి శాఖలో గురువుగా అభిషేకం పొందాడు, ఆయన్ని ఏ తీర్మానమూ ఆపలేకపోయింది. మిలాన్ తీర్మానానికి ఆ మహాసభ విచారం ప్రకటించింది మాత్రం 2010లో, కెనడాలోని వాంకూవర్‌లో. 130 ఏళ్లు పట్టింది. మా బడ్జెట్ కమిటీ ఇంతకంటే కొంచెం త్వరగా తేలుస్తుందని ఆశ.

ఇప్పుడు అసలు సంగతి. మూడు నెలలు నేను నీలో ఏమీ వెయ్యలేదు, గమనించే ఉంటావు. నేనే కాదు, ఆరుగురం. మా దశమభాగాలు ఒకచోట కలిపి ఇంటర్‌ప్రెటర్‌కి ఆవిడ అడిగిన దారి ఖర్చులు, అడగని కూలి ఇచ్చాం. నాలుగో నెల మొదటి వారంలో సంఘ పెద్ద ఒకాయన మా ఇంటికి వచ్చారు. ఇన్నేళ్లలో మొదటిసారి. పెన్ను, కాగితం తెచ్చుకున్నారు! రాసి చూపించడానికి తీరిక ఉండదని నాతో ఎప్పుడూ చేత్తో టాటా చెప్పి వెళ్లిపోయే మనిషి, ఆ రోజు కూర్చుని రెండు పేజీలు రాశారు. పైన మలాకీ 3:8, మనిషి దేవుని దగ్గర దొంగతనం చేస్తాడా అని. నేను కింద మలాకీ 3:5 రాశాను, కూలివాడి కూలి బిగబట్టేవాళ్ల గురించి, మూడే మూడు వచనాలు పైకి. ఆయన చదివి కాసేపు పెన్ను ఆడించి, ‘దశమభాగం మందిరానికే’ అని రాశారు. నేను ద్వితీయోపదేశకాండం 14 తీసి చూపించాను, మూడో ఏడు దశమభాగం లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు వచ్చి తృప్తిగా తినాలని ఉంది. ఆయన వేలితో ఆ లిస్టంతా వెతికి రాశారు, ‘ఇందులో చెవిటివాళ్లు లేరు కదా బ్రదర్.’ నేను రాశాను, ‘మిక్సర్ కూడా లేదండి.’

ఆయన నవ్వారు. మంచి మనిషే, నిజంగా. పోతూ పోతూ చివర్లో రాసింది ‘ప్రార్థన చేద్దాం’. కళ్లు మూసుకున్నారు. నేను తెరిచి చూస్తూ కూర్చున్నాను.

ఆ రెండు పేజీల కాగితం పోయిన ఆదివారం మడిచి నీలో వేశాను, మూడు నెలల్లో ఇంటర్‌ప్రెటర్‌కి ఎంత ఇచ్చామో వెనక వైపు లెక్క రాసి. కోశాధికారి గారు విప్పి చూసే ఉంటారు. నోటు అనుకునైనా విప్పుతారు.

ఇప్పుడే మెసేజ్ వచ్చింది, ఈ వారం ఇంటర్‌ప్రెటర్‌కి జ్వరమట, రాదు. నువ్వు ఎలాగూ వస్తావు కదా. ఎడమ పక్క, స్తంభం వెనక.

ఇట్లు,
నీ చివరి బల్ల